పంతొమ్మిదో వంతు

నోరిస్ గ్రీన్‌వుడ్‌కి ఇరవై రోజులకోసారి ఒక పూర్తి రోజు సెలవు కావాలి. ఆదివారమైనా సరే, పండగైనా సరే, మంచు పడి కొండదారులు మూసుకుపోయినా సరే. ఆ రోజు సాయంత్రం పొద్దు కుంకే వేళ నుంచి మర్నాడు పొద్దు కుంకే వేళ దాకా అతను బస్సెక్కడు. ఇంగ్లండులోని హాలిఫాక్స్ బస్సు డిపోలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎందుకన్నది మాత్రం ఒక్కడికే తెలుసు.

తక్కినవాళ్ళు తమకు తోచిన కథ అల్లుకున్నారు. యాభై ఆరేళ్ళ ఒంటరివాడు, ఇరవై రోజులకోసారి శుభ్రంగా గడ్డం గీసుకుని, కొత్త అగ్గిపెట్టె కొనుక్కుని ఇంటికి పోతున్నాడంటే ఇంకేముంటుంది? క్యాంటీన్‌లో టీ పోసే మావిస్ ఆ కథకు ఊపిరి పోసింది.

"ఏం నాయనా, ఇవాళ మీ ఆవిడ దగ్గరికేనా?"

"అవును మావిస్."

"ఇరవై రోజులకోసారి కనబడే మొగుణ్ణి నాకూ ఒకణ్ణి చూసిపెట్టవా? మా ఆయన రోజూ కనబడి ప్రాణం తీస్తున్నాడు."

అందరూ నవ్వేవారు. నోరిస్ కూడా నవ్వేవాడు. అబద్ధం ఆడకుండా నిజం దాచుకోవడానికి అదే తేలిక దారి.

ఆవిడ పేరు బ్రిజిడ్. పాత దేవత. నిప్పుకీ, ఊటబావులకీ, కమ్మరి కొలిమికీ, పాట కట్టేవాళ్ళకీ తల్లి. క్రీస్తు ఈ దేశాలకి రాకముందు నుంచీ ఉందని కొందరంటారు. వచ్చాక ఆవిణ్ణే పునీతురాలిని చేసి చర్చిలో నిలబెట్టారని ఇంకొందరంటారు. నోరిస్‌కి ఆ తగువుతో పని లేదు. పన్నెండేళ్ళ కిందట హెప్టన్‌స్టాల్ కొండమీదికి వెళ్ళే బస్సులో, వెనక సీట్లో, ఎవరో ఆవిడ గురించిన పుస్తకం ఒకటి మర్చిపోయారు. డిపోలో పెట్టి నెల్లాళ్ళు చూశారు. ఎవరూ రాలేదు. దొరికినవాడిదే పుస్తకం. పదహారో ఏట చదువు మానేసి, ఆ తర్వాత దొరికింది దొరికినట్టు చదువుకున్న మనిషి నోరిస్. ఆ పుస్తకాన్ని కొండ మీది చివరి స్టాపులో, బస్సు ఆగి ఉండే మూడేసి నిమిషాల్లో, నెలన్నర చదివాడు.

ఆఖరి పేజీలో బెరిక్ ఊళ్ళో ఉండే ఊనా పెటిగ్రూ అనే ఆవిడ చిరునామా ఉంది. పూర్వం ఐర్లండులో పంతొమ్మిది మంది కన్యలు వంతులవారీగా బ్రిజిడ్ నిప్పుని ఆరకుండా కాచేవారట. ఇరవయ్యో రోజున ఎవరూ దాని దగ్గరికి వెళ్ళేవారు కాదట. ఆ రోజు దేవతే స్వయంగా కాచుకునేది. ఊనా దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరింట్లో వాళ్ళు, తమ వంతు రోజున దీపం వెలిగించి కనిపెట్టుకుని ఉంటారు. నోరిస్ ఉత్తరం రాశాడు. ఒక కాగితం వచ్చింది. అందులో పంతొమ్మిది పేర్లు. ఆఖరి ఖాళీ అతనిది. పైన పద్దెనిమిదో పేరు, మోరాగ్, ఊరు స్ట్రోమ్‌నెస్. కింద, ఇరవయ్యో వరసలో, ఏ పేరూ లేదు. అడుగున ఊనా చేతిరాత: 'ఉత్తరాలక్కర్లేదు. కాచండి చాలు.'

బస్సు డ్రైవరుకి వంతు అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. ముందువాడు దిగితేనే నువ్వెక్కాలి, నీ తర్వాతివాడు వచ్చాకే నువ్వు దిగాలి. నోరిస్‌కి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. పద్దెనిమిది మందీ తర్వాతి మనిషికి అందిస్తారు. తనొక్కడే నేరుగా ఆవిడ చేతికి అందిస్తాడు.

గుడి అతని స్నానాలగది. ఇంటి యజమాని కొవ్వొత్తులు వెలిగించకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. గోడలకి చెమ్మ పట్టి నాచు మొలిస్తే పట్టించుకోడు గానీ, కొవ్వొత్తి అంటే మాత్రం ఆయనకి ఇల్లు గుర్తొస్తుంది. అందుకని నోరిస్ స్నానాల తొట్టిలో రెండంగుళాల నీళ్ళు పోసి, మధ్యలో వాళ్ళమ్మ జామ్ వండిన ఇత్తడి గిన్నె బోర్లించి, దానిమీద దీపం పెడతాడు. మూతేసిన కమోడ్ మీద కూర్చుంటాడు. కిటికీ మసక అద్దం వెనక వెలుగు పోయే వేళకి అగ్గిపుల్ల గీసి, "మోరాగ్, నీ చేతి నుంచి అందుకున్నాను" అంటాడు. మర్నాడు అదే వేళకి ఊది, "ఇదిగో తల్లీ, నీ వంతు" అంటాడు. అంతే. ఏమీ అడగడు. మధ్యలో కాసేపు చదువుతాడు, గోడకి ఆనుకుని కునుకు తీస్తాడు, లేచి వత్తి సరిచేస్తాడు.

మోరాగ్‌ని అతనెప్పుడూ చూడలేదు. ఎర్ర జుట్టనీ, వంటగదిలో కిటికీ పక్కన పెడుతుందనీ, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందనీ అనుకున్నాడు. పన్నెండేళ్ళపాటు ఇరవై రోజులకోసారి పలకరించిన మనిషి ఆవిడ ఒక్కతే. ఇంకెవరినీ అంత క్రమంగా పలకరించలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం. కొత్త సంవత్సరం డైరీ తెచ్చుకుని వంతులు గుర్తు పెట్టుకుంటున్నాడు. చలికి గోడ అలమరా చెమ్మెక్కింది. పాత డైరీలన్నీ తీసి హీటర్ ముందు ఆరబెట్టాడు. ఆరుతున్న పేజీలు తిప్పుతుంటే మూడేళ్ళ కిందటి డైరీ చేతికొచ్చింది.

అప్పట్లో రెండు గుర్తులు పెట్టేవాడు. వెలిగించిన రోజు ఎర్ర సిరా, ఊదిన రోజు నీలి సిరా. ఒక్క వంతు రెండు తేదీల మీద నడుస్తుంది మరి. ఆ డైరీలో ఆఖరి ఎర్ర గుర్తు డిసెంబరు పదిహేడు. నీలిది పద్దెనిమిది. పదిహేడు నుంచి ఇరవై రోజులు లెక్కపెడితే జనవరి ఆరు. పక్క డైరీ తీశాడు. మొదటి గుర్తు జనవరి ఏడున ఉంది.

మళ్ళీ లెక్కపెట్టాడు. వేళ్ళమీద లెక్కపెట్టాడు. ఆ కొత్త సంవత్సరం నాడు ఎర్రదానికి బదులు నీలిదాని నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఒక్క రోజు. ఆ రోజు నుంచి మూడేళ్ళుగా ప్రతి వంతూ ఒక్క రోజు జరిగే వచ్చింది.

పంతొమ్మిదో రోజు దాటితే ఇరవయ్యో రోజు. అది ఆవిడది. మనిషన్నవాడు వెళ్ళకూడని రోజు. యాభై నాలుగు సార్లు నోరిస్ తన వంతు రోజున బస్సు నడుపుకుంటూ తిరిగాడు. యాభై నాలుగు సార్లు ఆవిడ వంతు రోజున కమోడ్ మీద తిష్ఠ వేసి కూర్చున్నాడు. పైగా, పొద్దు కుంకాక, అప్పటికే అయిపోయిన ఆవిడ వంతుని ఆవిడకే అప్పగించి, "ఇదిగో తల్లీ" అన్నాడు.

ఇరవై ఏడేళ్ళలో ఒక్క డ్యూటీ కూడా తప్పని మనిషి. ఆ మెప్పుకి డిపోవాళ్ళిచ్చిన గోడ గడియారం ఎదురుగా కొట్టుకుంటోంది. హీటర్ ముందు నేలమీద అలాగే కూర్చుండిపోయాడు.

ఆ వారంలోనే మూట్ అనే సమావేశం ఉంది. పేగన్లమని చెప్పుకునేవాళ్ళు, అంటే ఇలా పాత దేవతలను కొలుచుకునేవాళ్ళు, నెలకోసారి ఒక పబ్బు మేడమీద కలుస్తారు. నోరిస్ ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళి మూల కూర్చుంటాడు. ఆ రోజు మాత్రం లేచి నిలబడి తేదీ తప్పిన సంగతి చెప్పాడు.

జోస్లిన్ లేచొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆవిడ రంగురాళ్ళ దుకాణం నడుపుతుంది. శనివారాలు మనశ్శాంతి నేర్పుతుంది.

"నోరిస్, బంగారం, మనసు ముఖ్యం. నీ మనసు మంచిది. తేదీలదేముంది?"

"తేదీయే జోస్లిన్ అసలు సంగతి. వంతు అంటేనే తేదీ."

"అదిగో, నిన్ను నువ్వే శిక్షించుకుంటున్నావ్ చూడు. నువ్వు ముందు నిన్ను క్షమించుకోవాలి."

"నేనెలా క్షమిస్తాను? తప్పు జరిగింది నాకు కాదుగా?"

డప్పు వాయించే బాజ్ గ్లాసు బల్లమీద కొట్టాడు. మెడ నిండా పచ్చబొట్లున్న మనిషి, అల్లరి నోరు. "ఇదేంట్రా బాబూ, చర్చిలో పాపాలు ఒప్పుకున్నట్టు ఉంది! మోకాళ్ళమీద పడి ఏడవలేకేగా చర్చీ వదిలేసి వచ్చాం. మళ్ళీ ఇక్కడా మోకాళ్ళేనా? దేవతలు మన స్నేహితులు. సరేగానీ, ఇన్నేళ్ళూ కాచావు కదా, ఏమిచ్చిందేంటి మీ ఆవిడ?"

"నేనేమీ అడగలేదు."

"అడక్కుండా? మరెందుకు చేశావ్?"

నోరిస్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "నా పేరుంది కదా కాగితం మీద" అన్నాడు.

నవ్వారు. వెటకారం కాదు, జాలి. జాలే ఎక్కువ నొప్పి. ఆ మేడమీది పదకొండు మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "అయ్యో, ఎంత పని జరిగింది" అని ఉంటే నోరిస్ ఆ రాత్రి నిద్రపోయేవాడు. వాళ్ళు అతని తప్పుని చేతిలోంచి తీసుకుని, తప్పే కాదని చెప్పి, పారేశారు. పన్నెండేళ్ళ కాపలా కూడా దాంతోపాటే పోయింది. తప్పు చేసే వీలే లేని పనిని సరిగ్గా చేసినట్టు కూడా కాదు కదా.

మర్నాడు బెరిక్‌కి ఫోన్ చేశాడు. కాగితం మీది నంబరు పన్నెండేళ్ళలో మొదటిసారి తిప్పాడు. చాలాసేపు మోగింది.

"ఎవరూ?"

"ఊనా గారాండీ? నా పేరు నోరిస్. నిప్పు కాచే వరసలో పంతొమ్మిదోవాణ్ణి."

"అయ్యో నాయనా, నువ్వింకా చేస్తున్నావా?" అంది.

ఆవిడే మాట్లాడింది. ఆవిడకి ఎనభై ఒకటి. మొదటి వంతు ఆవిడదే, మొన్నమొన్నటి దాకా చేసింది. చెయ్యి వణుకుతోందని కూతురు అగ్గిపెట్టెలు దాచేసింది. ఆరేళ్ళ కిందట లెక్కచూసినప్పుడు ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురిలో నలుగురి మాట ఆవిడకి తెలుసు, వాళ్ళు లేరు. తక్కిన ముగ్గురూ...

"వాళ్ళు ఆపేశారా?"

"తెలీదు నాయనా. ఎవరూ ఆపేశామని చెప్పరు. ఊరికే ఆపేస్తారు. నువ్వూ అంతే అనుకున్నాను."

"ఉత్తరాలక్కర్లేదన్నారని రాయలేదండీ."

"అన్నాను కాబోలు. బడాయి రోజులవి."

"పద్దెనిమిదో ఆవిడ? మోరాగ్?"

"ఆ అమ్మాయా? తొమ్మిదేళ్ళయింది. పెళ్ళి చేసుకుని న్యూజీలాండ్ వెళ్ళిపోయింది. అక్కడ పొద్దు మనకి తలకిందులు కదా, లెక్క కుదరట్లేదని ఒక ఉత్తరం రాసింది. పాపం మంచి పిల్ల."

తొమ్మిదేళ్ళు. ఎర్ర జుట్టు, కిటికీ, సముద్రం. తొమ్మిదేళ్ళుగా ఖాళీ చేతిలోంచి అందుకుంటున్నాడు. అసలు సంగతి, తారీఖు తప్పిన సంగతి, గడగడా చెప్పేశాడు.

ఊనా మెత్తగా నవ్వింది. "పోనీలే నాయనా. ఆవిడేమీ అనుకోదు."

"అనుకోదని మీకెలా తెలుసండీ?"

ఫోన్‌లో వాళ్ళింటి గడియారం చప్పుడు వినిపించింది. ఊనా ఇంకా నిజాయితీ మిగిలిన మనిషి కాబట్టి, "తెలీదు" అంది.

డిపోలో నిజం తెలిసిన ఆ ఒక్కడి పేరు షబ్బీర్. నోరిస్‌కన్నా పన్నెండేళ్ళు చిన్న. ఒక రంజాన్ నెలలో ఇద్దరూ బస్సు అద్దంలోంచి ఒకే వేళకి ఆకాశంలోకి చూస్తూ ఒకరికొకరు దొరికిపోయారు. అప్పట్నుంచి మసీదువాళ్ళు పంచే వేళల కార్డు షబ్బీర్ రెండు తెస్తాడు. రోజువారీ అస్తమయం అందులో నిమిషాలతో సహా ఉంటుంది. ఈదు రోజున షబ్బీర్ డ్యూటీ నోరిస్ చేస్తాడు, ఇరవై రోజులకోసారి నోరిస్ డ్యూటీ షబ్బీర్ చేస్తాడు.

"ఇరవై మూడు సాయంత్రం నుంచి అన్నావ్ కదా భాయ్. ఇప్పుడు ఇరవై రెండంటావేంటి?" అన్నాడు షబ్బీర్. డిపో వెనక, ఖాళీ బస్సు మెట్టుమీద కూర్చుని ఫ్లాస్కులో టీ పోస్తున్నాడు.

నోరిస్ చెప్పాడు. ఈసారి నిలబడి కాదు, కప్పులోకి చూస్తూ. రోజు పొద్దు కుంకడంతోనే మొదలవుతుందని షబ్బీర్‌కి విడమర్చి చెప్పక్కర్లేదు, వాళ్ళకీ అంతే. ఎర్ర సిరా, నీలి సిరా అనగానే షబ్బీర్ కప్పు కింద పెట్టేశాడు.

"యా అల్లా. మూడేళ్ళా?"

"యాభై నాలుగు వంతులు."

"ఎంత పని చేశావ్ భాయ్!"

నోరిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో ఒకరు అన్నారు.

"సరే. మరెప్పుడు తీరుస్తావ్?" అన్నాడు షబ్బీర్.

"తీర్చడమేంటి?"

"అదేంటి భాయ్, జబ్బు చేసి ఉపవాసం తప్పితే మేం తర్వాత ఉండి తీర్చుకోవాలి. మా నాన్న నూలు మిల్లులో ఉన్నప్పుడు తప్పినవన్నీ రిటైరయ్యాక ఉన్నాడు. అన్నీ చలికాలంలో ఉన్నాడు, తెలివైనోడు. పొద్దు పొట్టిగా ఉంటుంది, మూడున్నర దాటితే తిండి!"

"మా దాంట్లో అలా లేదు."

"లేదని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళే లేరు."

"ముల్లా లేడా?"

"లేడు. లేడనే సంతోషపడి వచ్చాం అందరం."

షబ్బీర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "నవ్వితే నవ్వుకో గానీ భాయ్, నీకో ముల్లా ఉండుంటే రెండు తిట్లు తిట్టి ఇంటికి పంపేవాడు. నీకు హాయిగా ఉండేది."

ఇరవై రెండో తేదీ పొద్దు మూడూ నలభై ఏడుకి కుంకింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి నోరిస్ తన అసలు వంతు రోజున తొట్టి ముందు కూర్చున్నాడు. అగ్గిపుల్ల గీశాడు. మోరాగ్ అని నోటిదాకా వచ్చింది. ఆగిపోయాడు. పుల్ల వేళ్ళదాకా కాలింది. రెండోది గీసి, ఏమీ అనకుండా వెలిగించాడు.

ఆ రోజంతా చదవలేదు. బోర్లించిన ఇత్తడి గిన్నె మీద దీపం, నీళ్ళలో దాని నీడ. ఇంతకాలం ఈ దీపాన్ని ఒక పొడవైన వరసలో ఒకటి అనుకున్నాడు. తను కొండమీద బస్సు నడుపుతుంటే ఎక్కడో ఎవరో కాస్తూనే ఉన్నారని, ఆ ఊహే ఇన్నేళ్ళూ అతనికి తోడు. వరస లేదు. తన ముందు చీకటి, తన వెనక చీకటి.

వెనక చీకటి కాదేమో. వెనక ఆవిడ ఉంది.

అక్కడ అతని బుర్ర ఆగింది. డ్రైవరు బుర్ర. ఒక రూటులో డ్రైవర్లందరూ చెప్పాపెట్టకుండా మానేస్తే, బస్సు ఎవరి చేతిలో ఉంటుంది? ఆఖరున ఎక్కినవాడి చేతిలో. దింపడానికి ఎవరూ రారు కాబట్టి అతను దిగలేడు. ఇరవయ్యో రోజు ముగిశాక ఊనా వచ్చి అందుకోవాలి. ఊనా అగ్గిపెట్టె కూతురు దగ్గరుంది. రెండోవాళ్ళు లేరు. మూడోవాళ్ళు లేరు. ఆ తల్లే దీపం చేత్తో పట్టుకుని, చెయ్యి చాపి, పద్దెనిమిది రోజులు అలా నిలబడే ఉంటోంది. పంతొమ్మిదో రోజున రావలసినవాడు కూడా మూడేళ్ళుగా రాలేదు.

మరి ఇరవయ్యో రోజున వచ్చాడుగా? ఆ ఒక్క రోజైనా ఆవిడకి రెస్టు దొరికిందా? ఆ ఊహ తియ్యగా వచ్చి పక్కన కూర్చుంది. నోరిస్ దాన్ని నమ్మలేదు. అది జోస్లిన్ గొంతుతో మాట్లాడుతోంది.

ఇరవై మూడో తేదీ పొద్దు కుంకింది. దీపం ఊదాలి. వంగాడు. "ఇదిగో తల్లీ" అన్నాడు. "నీ వంతు" అనడానికి నోరు రాలేదు. అన్ని వంతులూ చేస్తున్న మనిషితో ఆ మాట ఎలా అంటాడు? ఊదేశాడు. పొగ వాసన తగ్గేదాకా చీకట్లో కూర్చుని, లేచి వెళ్ళి షబ్బీర్‌కి ఫోన్ చేశాడు.

మర్నాడు క్యాంటీన్ అంతా అదే ముచ్చట. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం సెలవు కోసం డిపోలో కొట్టుకు చస్తారు. పిల్లాపీచూ లేనివాడు, చర్చి మొహం చూడనివాడు అని ఏటా ఆ డ్యూటీ నోరిస్ మీదే పడేది. ఇన్నేళ్ళలో ఎన్నడూ కాదనలేదు.

"నోరిస్ సెలవడిగాడంట!" మావిస్ టీ కెటిల్ ఎత్తి అందరికీ చాటింది. "ఇన్నాళ్ళకి ఏసుప్రభువు గుర్తొచ్చాడా నాయనా?"

"లేదు మావిస్. మా ఆవిడ దగ్గరికే."

"నిన్ననే కదా వెళ్ళొచ్చావ్! ముసలాడికి కుర్రతనం ముదిరింది చూడండర్రా!"

నవ్వులు సద్దుమణిగాక షబ్బీర్ దగ్గరికొచ్చి, బస్సు తాళం అందుకుంటూ, "ఇరవై రోజులకోసారి కదా భాయ్? రేపు కూడానా?" అన్నాడు.

"రేపు బస్సుల్లేవుగా. ఆ తర్వాత నెలకి నాలుగైదుసార్లు అడుగుతాను షబ్బీర్. యాభై నాలుగు అయ్యేదాకా. నీకు కుదిరినప్పుడే."

"తీరుస్తున్నావన్నమాట."

"ఏమో. ఆవిడ ఒక్కతే ఉంటోంది" అన్నాడు నోరిస్.

షబ్బీర్ జేబులోంచి వేళల కార్డు తీసి, కళ్ళు చికిలించి చూశాడు. "మూడూ నలభై ఎనిమిది. త్వరగా పో."

స్నానాలగది చల్లగా ఉంది. తొట్టిలో కొత్త నీళ్ళు పోశాడు. గిన్నె బోర్లించి దీపం పెట్టాడు. మసక అద్దంలో బూడిదరంగు మెల్లగా నల్లబడుతోంది. పన్నెండేళ్ళుగా అతను ఆవిడ చేతికి అందించాడే తప్ప, ఆవిడ చేతి నుంచి అందుకోలేదు. అది మొదటి వంతువాళ్ళ పని. ఏమనాలో అతనికి తెలియదు. ఊనా ఏమనేదో అడగలేదు. మొదటి వరసలో పేరు లేని మనిషికి ఆ వంతు చెల్లుతుందో లేదో చెప్పేవాళ్ళెవరూ లేరు.

కమోడ్ మూత మీద కూర్చోబోయి, కూర్చోలేకపోయాడు. ఎవరి చేతి నుంచో తీసుకునేటప్పుడు అలా కూర్చుని తీసుకోరు. తొట్టి పక్కన చెమ్మగా ఉన్న, కాళ్ళు తుడుచుకునే పట్టామీద మోకాళ్ళూనాడు. బాజ్ చూస్తే ఏమనేవాడో అతనికి తెలుసు.

అగ్గిపుల్ల గీశాడు.

"నేను నోరిస్‌ని" అన్నాడు. "ఇలా ఇవ్వు."

వత్తి అంటుకుంది. మోకాళ్ళు సలపడం మొదలుపెట్టాయి. లేవలేదు.